ఎరుపు రాని కాగితం

"ఒక్క పేజీ చాలు," అన్నాడు సూపరింటెండెంటు. "ఎక్కువ రాస్తే ఎక్కువ ప్రశ్నలు పుడతాయి. కంప్యూటరు తెర మీద ఎర్రగా వచ్చింది, ఆమె చూసుకోలేదు. ఈ రెండు ముక్కలూ మీ సంతకంతో నా బల్ల మీద ఉండాలి. గురువారం విచారణ."

రంగులాయన కుర్చీ వెనకాల నిలబడే విన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. కూర్చుంటే మళ్లీ లేవాలి కదా అని ఆయనకూ బద్ధకంగానే ఉంది. సోమవారం, పొద్దున తొమ్మిది కూడా కాలేదు, అప్పుడే ఒంట్లో ఓపికంతా అయిపోయినట్టుంది.

ఆ శీతల గోదాములో పన్నెండు గదులు. ఆసుపత్రులకు వెళ్లే మందులన్నీ ముందు ఇక్కడికొచ్చి, కొన్నాళ్లు చల్లగా కూర్చుని, తర్వాత బండ్లెక్కుతాయి. శనివారం పొద్దున ఏడో గదిని చల్లబరిచే యంత్రం నీరసించింది. ఆరు డిగ్రీలు దాటకూడని గది, ఏడు దాటి రెండు రోజులు అలాగే ఉండిపోయింది. లోపలున్న కొత్త మందు ముప్పై ఆరు పెట్టెలూ ఇవాళ పొద్దున్నే పారబోశారు. ఆ మందు కోసం మూడు ఆసుపత్రుల్లో మనుషులు మంచాల మీద పడుకుని ఎదురుచూస్తున్నారు. పైవాళ్ల ఫోన్లు ఆగడం లేదు. శని, ఆదివారాలు గదుల వేడి ఎంతుందో అంకెలుండే పట్టీ చూసే డ్యూటీ కాగితాలక్కది.

"ఆవిడది పందొమ్మిదేళ్ల సర్వీసు సార్," అన్నాడు రంగులాయన.

"అందుకే నాకూ బాధ. నిర్లక్ష్యం అని రాసి పంపిస్తే ఇంకే గోదాములోనూ గేటు లోపలికి రానివ్వరు. తెలుసు." సూపరింటెండెంటు కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నాడు. ఆయనా రాత్రి నిద్రపోయినట్టు లేడు. "కానీ ఎవరో ఒకరు చూసుకోలేదు కదండీ. కంప్యూటరు తన పని తాను చేసింది. ఎర్రగా చూపించింది. ఇక మిగిలిందెవరు?"

ఆ తీసివేత సరిగ్గానే ఉందనిపించింది రంగులాయనకు.

ఆయన్ని అందరూ అలా పిలవడానికి కారణం మూడేళ్ల కిందట ఆయన రాసిన షెల్ స్క్రిప్టు, కంప్యూటరుకు వరుసగా చెప్పే ఆజ్ఞల జాబితా. పెద్ద విద్యేమీ కాదు. గదుల్లోని థర్మామీటర్లు పంపే అంకెలు తీసుకుని, ఒక్కో గదికి పెట్టిన హద్దుతో పోల్చి, వరుసగా చూపిస్తుంది. హద్దు లోపల ఉంటే ఆకుపచ్చ, దాటితే ఎరుపు. అంతకుముందు బూడిద రంగు అక్షరాలు చూసి చూసి విసిగిన గోదాము ఆ రంగులకు మురిసిపోయింది. రంగులు తెప్పించిన మనిషి మొహంలో మాత్రం ఏ రంగూ ఉండదని వెనక నవ్వుకునేవాళ్లు. ఆ సంగతి ఆయనకు తెలుసు, పట్టించుకోడు.

కిందికి దిగి తన గదిలో కూర్చుని శనివారం అంకెలతో స్క్రిప్టు నడిపి చూశాడు. పన్నెండు వరుసలు. పదకొండు ఆకుపచ్చ. మధ్యలో ఏడో గది, ఏడు పాయింట్ ఒకటి, ఎర్రగా మండుతోంది. ఇంత ఎర్రగా ఉంటే చూడకుండా ఎలా ఉండగలిగింది? కాగితాలక్క మీద కాస్త కోపం వచ్చింది. కోపం వచ్చాక రాయడం తేలికైంది. భోజనాల వేళకు సగం పేజీ పూర్తయింది.

భోజనానికి వెళ్లే దారి ప్యాకింగు హాలు మీదుగా. కిటికీ పక్కన బల్ల దగ్గర కాగితాలక్క కూర్చుని ఉంది. పట్టీ పని నుంచి తప్పించి పొద్దుటే అక్కడ కూర్చోబెట్టారట. ఖాళీ పెట్టెలకు అతికిన పాత లేబుళ్లు గోటితో గీకి, పెట్టె మడతలు విప్పి, బల్లపరుపుగా చేసి దొంతర పెడుతోంది. ఒక లేబుల్ సగంలో చిరిగింది. చిరిగిన ముక్కను ఓపిగ్గా మళ్లీ మూల నుంచి లేపింది. చూపుడు వేలి గోరు అప్పటికే విరిగింది.

తప్పించుకుని పోదామనుకున్నాడు. ఆమే పిలిచింది.

"తమ్ముడూ, తిన్నావా?"

"వెళ్తున్నా అక్కా."

"పట్టీ ఎవరు చూస్తున్నారివాళ?"

"గేటు దగ్గరాయన్ని కూర్చోబెట్టారు."

"అయ్యో, ఆయనకు అలవాటుండదే." చేతిలో పెట్టె బల్ల మీద పెట్టింది. "నా సొరుగులో స్కేలుంది, వాడుకోమని చెప్పు. వరుస కింద స్కేలు పెట్టుకుని దిగాలి. లేకపోతే కన్ను జారిపోతుంది."

ఇంకేమీ అడగలేదు. తన సంగతి ఏమవుతుందనీ అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది ఆయనకు. అడగనివాళ్ల ముందు నిలబడటం కష్టం.

*

మంగళవారం రిపోర్టుకు జత చేయడానికి శనివారం పట్టీ కావలసి వచ్చింది. అందుకని రికార్డు గదికి వెళ్లాడు. కాగితాలక్క తెర చూడదు. ఆ సంగతి అందరికీ తెలిసిందే, అందుకే ఆ పేరు. పొద్దునా సాయంత్రం స్క్రిప్టును నేరుగా ప్రింటరుకు పంపి, గొలుసులా వచ్చే కాగితం అంచుల్లోని చిల్లుల పీలికలు చింపేసి, బల్ల మీద పరుచుకుని చూస్తుంది. పెద్దాఫీసుకు సంతకం చేసిన కాగితమే కావాలి కాబట్టి ఎవరూ కాదనలేదు.

శనివారం పట్టీ తీశాడు. పన్నెండు వరుసలు. ఒక్కో వరుస చివర పెన్సిలుతో చిన్న టిక్కు. అన్నీ ఒకే ఎత్తులో, ఒకే వాలులో ఉన్నాయి. ఏడో గది పక్కన కూడా అలాంటిదే. ఏడు పాయింట్ ఒకటి, టిక్కు. కింద సంతకం.

తీసి పక్కన పెట్టి, మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ఏదో లోపించినట్టుంది కానీ ఏమిటో తట్టలేదు. పన్నెండు వరుసలూ ఒకే నలుపు. కాగితం మీద ఎరుపు ఎలా వస్తుంది, అది నల్ల రిబ్బను ప్రింటరు కదా అని తనకు తానే చెప్పుకున్నాడు. చెప్పుకున్నాక పట్టీని వెలుతురులోకి జరిపాడు. మరి ఈ కాగితంలో ఏడో గది చెడిందని చెప్పేది ఏది?

ఏదీ లేదు.

ఆదరాబాదరాగా పాత పట్టీలు లాగాడు. రెండు నెలల కిందటి దానిలో నాలుగో గది వరుస కింద ఎర్ర గీత కనబడింది. హమ్మయ్య, ప్రింటరు ఏదో ఒకటి చూపిస్తోంది అనుకున్నాడు. బొటనవేలితో గీతను రుద్దాడు. ఎరుపు వేలికి అంటింది. పెన్సిలు.

నేల మీద చతికిలబడి ఒక్కొక్క కట్టా విప్పుకుంటూ పోయాడు. మూడేళ్ల పట్టీలు. ఎక్కడెక్కడ గది ఎనిమిది డిగ్రీలు దాటిందో, అక్కడల్లా స్కేలు పెట్టి గీసిన ఎర్ర పెన్సిలు గీత. ఎనిమిది పాయింట్ ఒకటికీ ఉంది, పదకొండుకూ ఉంది. ఏడు పాయింట్ తొమ్మిదికి లేదు. గంటన్నర వెతికాడు. వదిలేసిన వరుస ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు.

అన్ని గదుల హద్దూ మొన్నటిదాకా ఎనిమిదే. ఏడో గదికి ఆరు చేసింది కొత్త మందు వచ్చాక, పోయిన నెల ఒకటో తారీఖున. స్క్రిప్టులో ఆ అంకె మార్చింది తానే. ఆ రోజు సూపరింటెండెంటును అడిగాడు కూడా, అందరికీ కాగితం తిప్పుదామా సార్ అని. "ఎందుకండీ, ఎర్రగా వస్తుందిగా," అన్నాడాయన. అవును కదా అనుకున్నాడు ఈయన.

రికార్డు గది నుంచి నేరుగా కాగితాలక్క పాత బల్ల దగ్గరికి నడిచాడు. గేటు దగ్గరాయన స్కేలు మీద గడ్డం ఆనించి కునుకుతున్నాడు. పక్కన ఆమె కంప్యూటరు, గోదాములోకెల్లా పాతది. తెర మీద ఒకటే రంగు, మాసిపోయిన పసుపు. నీకెన్ని రంగులొచ్చు అని కమాండు కొట్టాడు. మైనస్ ఒకటి అంది. అంటే, ఏమీ రావు. స్క్రిప్టు నడిపాడు. పన్నెండు వరుసలూ మర్యాదగా, ఒకే తీరుగా వచ్చి కూర్చున్నాయి. ప్రింటరుకు పంపాడు. అక్కడా అంతే.

ఎక్కడా పొరపాటు లేదు. తాను ఎలా రాశాడో అచ్చం అలాగే నడుస్తోంది. ఆయన అక్కడే ఓ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

రంగులు పెట్టిన వారానికే కాగితాలక్క ఒక పట్టీ పట్టుకుని తన గది గుమ్మంలోకి వచ్చింది. "తమ్ముడూ, ఈ చెత్తేంటి? ప్రతి వరుస ముందూ ఒక బ్రాకెట్టు, ముప్పై ఒకటో ముప్పై రెండో, ఒక ఎమ్. చివర మళ్లీ బ్రాకెట్టు, సున్నా, ఎమ్. అసలు అంకెలు కనపడి చావడం లేదు." అది చెత్త కాదు, అదే రంగు. రంగు మార్చుకోమని తెరకు పంపే సంకేతం. రంగు తెలిసిన తెర దాన్ని మింగి ఎర్రబడుతుంది. తెలియని ప్రింటరు దాన్ని ఉన్నదున్నట్టు అచ్చేస్తుంది.

ఆమె కోసమే పది రోజులు కూర్చుని, ముందు అడిగి తర్వాత రంగు వేసే పద్ధతి రాశాడు. గోదాములో నాలుగు రకాల కంప్యూటర్లున్నాయి, నాలుగు కాలాల్లో వచ్చినవి. అన్నిటి మీదా ఒకే స్క్రిప్టు నడవాలి. రాత తెర మీదికి పోతోందా, ఇంకెక్కడికైనా పోతోందా అని ముందు చూడాలి. తెర కాకపోతే రంగు మాటే ఎత్తకూడదు. తెరే అయితే తన రకం ఏమిటని చెప్పుకుంటోందో చూడాలి. మొద్దునని చెప్పుకునే తెరలూ ఉంటాయి, వాటి జోలికి పోకూడదు. తర్వాత, ఎన్ని రంగులొచ్చని అడగాలి. తంటా అంతా ఆ అడగడంలోనే. ఒక రకం పూర్తి మాటతో అడిగితేగాని పలకదు. ఇంకోటి రెండక్షరాల పొట్టి పేరుతో అడిగితేగాని పలకదు. మూడోదానిలో ఆ కమాండే లేదు, అడిగితే తప్పు తప్పని అరుస్తుంది, ఆ అరుపు తెర మీద పడకుండా నోరు నొక్కాలి. ఎనిమిదీ, అంతకంటే ఎక్కువా చెబితేనే రంగు. లేకపోతే ఉత్త అక్షరాలు. మొత్తం నలభై వరుసలు. నాలుగు రకాల మీదా ఒక్కసారి కూడా తడబడలేదు. అంత నికార్సయిన పని తన జన్మలో ఇంకోటి చేయలేదని ఆయన నమ్మకం.

రంగులు రాకముందు, హద్దు దాటిన వరుస చివర ఒక చుక్క గుర్తు వచ్చేది. రంగులొచ్చాక అవి మొటిమల్లా ఉన్నాయన్నాడు సూపరింటెండెంటు. తనకూ అలాగే అనిపించి తీసేశాడు. ఆ తర్వాత ఆమె కాగితంలోంచి రంగు కూడా తీసేశాడు. అంటే, మూడేళ్లుగా తన స్క్రిప్టు ఆమెకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు. చూసిందంతా ఆమే చూసింది.

*

అదే సాయంత్రం ప్యాకింగు హాలు ఖాళీ అయ్యాక ఆమె దగ్గరికి వెళ్లాడు. ఆమె సంచీ సర్దుకుంటోంది.

"అక్కా, ఏడో గదికి హద్దెంత?"

"ఎనిమిది. అన్నిటికీ ఎనిమిదే కదా." అని, ఆయన మొహం చూసి ఆగింది. "కాదా?"

"ఆరు. పోయిన నెల ఒకటో తారీఖు నుంచి."

కాగితాలక్క సంచీ ఒళ్లో పెట్టుకుని మళ్లీ కూర్చుంది. సంచీ పట్టెను వేళ్లకు చుట్టుకుంది. తర్వాత చాలా మెల్లగా అంది, "ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోయేది కదయ్యా. నేను ఎదురుగానే ఉన్నాగా. రోజూ."

"ఎర్రగా వస్తుంది కదా అనుకున్నాం."

"చుక్క తీసేసినప్పుడే అనుకున్నా, ఇక నన్నే చూసుకోమంటున్నారేమోనని. సరే, చూసుకుంటున్నా." విరిగిన గోటిని బొటనవేలితో తడుముకుంది. "అందరూ అంటుంటారు, ఎర్రగా వస్తుంది ఎర్రగా వస్తుందని. ఎలా ఉంటుంది తమ్ముడూ అది? నేనెప్పుడూ చూడలేదు."

రంగులాయన రిపోర్టు మార్చి రాస్తానని మాత్రం అన్నాడు. ఆమె తల ఊపింది. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. బస్సు పోతుందని లేచి వెళ్లిపోయింది.

*

బుధవారం ఆయన రెండు పేజీలు రాసుకుని పైకి వెళ్లాడు. సూపరింటెండెంటు రెండూ చదివాడు. కోప్పడలేదు. కోప్పడితే ఈయనకూ కాస్త పట్టుదల వచ్చేదేమో.

"ఇది ఇచ్చారనుకోండి," అన్నాడాయన అలసటగా, "హద్దు మార్చి చెప్పనిది నేను, చుక్క తీసింది మీరు. ఇద్దరం పోతాం. ఆవిడ నిలుస్తుందన్న నమ్మకం ఉందా? అదీ లేదు. ముగ్గురి మీదా రాసి చేతులు దులుపుకుంటారు. నేను మిమ్మల్ని అబద్ధం రాయమనడం లేదు. మీ తెర మీద ఎర్రగా వచ్చిందా, లేదా?"

"వచ్చింది."

"అంతవరకే రాయండి. మిగతాది వాళ్లు అడిగితే చెబుదురు గాని."

చూస్తే అదీ నిజమే. అడిగితే చెప్పొచ్చు. రంగులాయన కిందికి వచ్చి, సోమవారం రాసిన సగం పేజీ బయటికి తీసి, పూర్తి చేసి, సంతకం పెట్టాడు. వాదించాలంటే మళ్లీ మెట్లెక్కాలి. నలభై ఏడేళ్ల వయసులో కొత్త పని వెతుక్కోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియదు. సిరా ఆరకముందే కవర్లో పెట్టి పైకి పంపించాడు.

ఇంటికి వెళ్లేసరికి భార్య బకెట్లో వేడినీళ్లు పోసుకుని పాదాలు ముంచుకుని కూర్చుంది. బట్టల దుకాణంలో కౌంటరు వెనక రోజంతా నిలబడే పని ఆమెది. కాళ్లు తుడుచుకోవడానికి తువ్వాలు అందించాడు. ఈ మూడు రోజుల సంగతీ ఆమెకు తెలుసు.

"ఇచ్చేశారా రిపోర్టు?"

"ఇచ్చేశా."

"ఏం రాశారు?"

"ఎర్రగా వచ్చిందని. అబద్ధమేం కాదు, నా తెర మీద వచ్చింది."

ఆమె ఒక కాలు తుడుచుకుంది, ఇంకో కాలు నీళ్లలోనే ఉంచింది. "మీ తెర సంగతి ఎవరడిగారండీ? ఆవిడ చూసిందేంటనేగా గొడవ."

"నీకు తెలీదులే."

"నాకేం తెలుసు, నేను చీరలు మడతపెట్టుకునేదాన్ని," అంది ఆమె. దెప్పిపొడిచినట్టు కాదు, మామూలుగానే అంది. తువ్వాలు దండెం మీద ఆరేసి, భోజనానికి లేవమంది. ఆయన సగంలోనే లేచాడు. ఆమె బలవంతపెట్టలేదు.

*

గురువారం విచారణకు పెద్దాఫీసు నుంచి ముగ్గురొచ్చారు. ఇద్దరు మగవాళ్లు రాసుకోవడానికే వచ్చినట్టున్నారు. మధ్యలో కూర్చున్న పెద్దావిడే అన్నీ అడుగుతోంది. కాగితాలక్కకు గోడవారగా ఒక కుర్చీ వేశారు. ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కొప్పులో ఎప్పటిలాగే పొట్టి ఎర్ర పెన్సిలు.

"శనివారం పట్టీ మీరే చూశారా?"

"నేనే అండి."

"ఏడో గది చూశారా?"

"చూశానండి. టిక్కు పెట్టాను."

"ఎందుకు పెట్టారు?"

ఆమె ఒక్క క్షణం రంగులాయన వైపు చూసింది. రిపోర్టు మారలేదన్న సంగతి పొద్దుటే గోదామంతా పాకింది, ఆమెకూ తెలిసే ఉంటుంది. "బాగానే ఉందనుకున్నానండి," అని ఊరుకుంది. తమ్ముడూ నువ్వు చెప్పు అన్నట్టు చూసిందా, నీ ఇష్టం అన్నట్టు చూసిందా, ఆయనకు తెలియలేదు.

తర్వాత ఆయన వంతు. కంప్యూటరుకు తగిలించిన యంత్రం గోడ మీద వెలుగు పరిచింది. శనివారం అంకెలతో స్క్రిప్టు నడిపాడు. అడగాల్సినవన్నీ అది లోపల్లోపలే రెప్పపాటులో అడిగేసుకుంది. తెరేనా, తెరే. ఏ రకం, మంచి రకం. ఎన్ని రంగులు, రెండువందల యాభై ఆరు. గోడ మీద పదకొండు ఆకుపచ్చ వరుసల మధ్య ఏడో గది బారెడు పొడుగున ఎర్రగా వెలిగింది. రాసుకునే ఇద్దరూ తలెత్తారు. ఒకాయన నాలుక చప్పరించి కాగితాలక్క వైపు చూశాడు. సూపరింటెండెంటు మాట్లాడాల్సిన అవసరమే రాలేదు.

"సరే," అంది పెద్దావిడ. "గోడ మీది బొమ్మ ఫైల్లో పెట్టుకోలేను. కాగితం మీద తీసివ్వండి."

రంగులాయన చేతులు మీటల మీద ఆగాయి. పై అంతస్తులో రంగు ప్రింటరుంది. తెరను ఉన్నదున్నట్టు ఫొటో తీసి అక్కడ అచ్చేస్తే, ఈ ఎరుపే కాగితం మీదికి వస్తుంది. ఎవరూ ఏమీ అడగరు. రెండు నిమిషాల పని. ఇక్కడే, మూలనున్న పాత ప్రింటరుకు స్క్రిప్టును పంపొచ్చు. రోజూ ఆమె పంపినట్టు. అదీ రెండు నిమిషాలే.

అడిగితే చెబుదురు గాని అన్నాడు సూపరింటెండెంటు. ఇదిగో, అడుగుతున్నారు.

మూల ప్రింటరుకే పంపాడు. అది కీచుకీచుమంటూ అటూ ఇటూ పరుగెత్తి కాగితాన్ని బయటికి నెట్టింది. అంచులు చింపుదామంటే తిన్నగా రాలేదు, ఒక మూల చిరిగింది. ఆమె ఎంత శుభ్రంగా చింపుతుందో అప్పుడు గుర్తొచ్చింది.

పెద్దావిడ కాగితం మీద వేలు పెట్టి పైనుంచి కిందికి దిగింది. మళ్లీ పైకి వెళ్లింది. ఒకసారి గోడకేసి చూసింది.

"ఇందులో ఎరుపేది?"

"అది నల్ల ప్రింటరండీ, రంగులు రావు," అన్నాడు సూపరింటెండెంటు తొందరగా. "తెర మీదైతే..."

ఆవిడ చేయెత్తి ఆపింది. రంగులాయనను అడిగింది. "ఈమెకు రోజూ వచ్చేది ఏది? ఆ గోడ మీదిదా, ఇదా?"

"ఇదండీ," అన్నాడాయన.

ఆ ఒక్క మాటా గొంతు దాటాక మిగతావి వాటంతటవే వచ్చాయి. "మూడేళ్లుగా ఇదే. అంతకుముందు చెడిన వరుసకు చుక్క వచ్చేది. నేనే తీసేశాను. కాగితం మీద చెత్త పడకూడదని రంగు కూడా నేనే ఆపాను. ఆవిడ హద్దులు మనసులో పెట్టుకుని పెన్సిలుతో గీసుకుంటూ వచ్చారు. రికార్డు గదిలో అన్నీ ఉన్నాయి, తెప్పించి చూడండి. ఏడో గది హద్దు ఎనిమిది నుంచి ఆరుకు మార్చింది నేను. ఆవిడకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు."

గదిలో ప్రింటరు ఇంకా వేడిగా గుర్రుమంటోంది. పెద్దావిడ బల్ల మీది ఫైలు తెరిచి, ఆయన సంతకమున్న పేజీని వేలితో తట్టింది.

"మరి ఇది ఎవరు రాశారు?"

"అదీ నేనే రాశానండి," అన్నాడు రంగులాయన. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆ రోజుకదే ఆఖరి ప్రశ్న. గోడవార కుర్చీలో కాగితాలక్క ఇందాకటిలాగే కూర్చుని ఉంది. కాకపోతే చేతులు ఒళ్లోంచి తీసి, చీర కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది.

*

శుక్రవారం పొద్దున ఉత్తర్వు వచ్చింది. కాగితాలక్క తప్పేమీ లేదు, ఇవాళ్టి నుంచే పట్టీ పనిలోకి. తదుపరి విచారణ తేలేవరకు రంగులాయన ప్యాకింగు హాలుకు. మధ్యాహ్నం లోపల స్క్రిప్టు సరిచేసి తాళాలు అప్పగించాలి. సూపరింటెండెంటుకూ ఒక కవరు వచ్చిందట. మెట్ల మీద ఎదురుపడ్డాడు.

"ఒక్క పేజీ చాలన్నాను కదండీ," అన్నాడు. కోపంగా కాదు. ఎవరి దారిన వాళ్లు పోయారు.

చుక్కను తిరిగి పెట్టడానికి పట్టింది ఏడు నిమిషాలు. రాసింది ఒకే ఒక్క వరుస. అది తెరేనా అని అడగదు, ఏ రకమని అడగదు, ఎన్ని రంగులని అడగదు. హద్దు దాటితే చుక్క, అంతే. వరుసలో గది పక్కనే దాని హద్దు కూడా పడేలా చేశాడు. పది రోజులు కూర్చుని రాసిన ఆ నలభై వరుసల జోలికి పోలేదు. వాటిలో తప్పుంటే కదా దిద్దడానికి. ఆ ఒక్క సంగతికి మాత్రం ఏడుపొచ్చినంత పనైంది.

తాళాలు ఇచ్చే ముందు కాగితాలక్కను తన గదికి పిలిచాడు. స్కేలు చేత్తో పట్టుకునే వచ్చింది. మూడేళ్ల కిందట గుమ్మం దాకా వచ్చింది గాని, లోపలికి రావడం ఇదే మొదలు. తన కుర్చీలో కూర్చోబెట్టి, శనివారం అంకెలతో స్క్రిప్టు నడిపాడు.

ఆమె ముందుకు వంగింది. కళ్లు చిన్నవి చేసి చూసింది. స్కేలు ఎత్తి, అలవాటుగా తెర మీద ఏడో వరుస కింద ఆనించింది.

"ఇదేనా ఎరుపు?"

"ఇదే అక్కా."

"ఇంతేనా?"

"ఇంతే."

కొప్పులోంచి ఎర్ర పెన్సిలు ముక్క తీసి తెర పక్కన పెట్టి, దాన్నీ దీన్నీ మార్చి మార్చి చూసింది. "నా పెన్సిలే ముదురు," అంది. నాలుగు రోజుల తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. ఆయనకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే మొహం పక్కకు తిప్పుకున్నాడు.

గుమ్మం దగ్గర ఆమె ఆగింది. "పెట్టెల దగ్గర కూర్చుంటావటగా. ఆ లేబుళ్లు గోటితో గీకకు, గోరు పోతుంది. ఏదైనా గట్టి అట్టముక్క పెట్టి మూల నుంచి లేపు. స్కేలైతే తేలిగ్గా వచ్చేస్తాయి." చేతిలోని స్కేలు వైపు చూసుకుంది. "కానీ ఇది ఇవ్వలేను తమ్ముడూ. నీ చుక్క వస్తుందో మానుతుందో, నా వరుస నేను చూసుకోవాలిగా."

"చూసుకో అక్కా," అన్నాడు రంగులాయన.

ఆమె వెళ్లాక తెర ఆర్పేసి, గది తాళం వేసి, గట్టి అట్టముక్క ఏదైనా దొరుకుతుందేమోనని చూసుకుంటూ హాలు వైపు నడిచాడు.